బూట్లు విప్పించే ఆర్లిస్

ఆయిల్‌డేల్‌లో ఎవరి మేజోటికి ఏ వేలి దగ్గర చిల్లుందో వాళ్ల భార్యల కన్నా ఆర్లిస్ ప్రూయిట్‌కే బాగా తెలుసు. అతని పద్ధతి అలాంటిది. పాత కారు తడబడుతోందని ఎవరైనా వాకిట్లో ఆపితే ముందు బానెట్ ఎత్తడు. "బూట్లు విప్పు" అంటాడు. ఆ మనిషిని ఉత్త మేజోళ్లతో స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తాను పక్క సీట్లో ఒంగి, రోడ్డు వైపు కన్నెత్తి చూడకుండా అతని కుడి పాదాన్నే చూస్తూ నాలుగు వీధులు తిరిగొస్తాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ అందుకుంటాడు.

"కార్బురేటర్‌ని ఇంజనుకు కాదురా సరిచేయాల్సింది, తొక్కే కాలికి. దర్జీ చొక్కా కొలత మనిషిని చూసి తీస్తాడా, గుడ్డని చూసి తీస్తాడా?" అని నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. వినీ వినీ అతని భార్య లవోన్‌కి ఆ మాట నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తుంది.

అంతటి ఆర్లిస్ పరువు మార్చి నెలలో నార్త్ చెస్టర్ అవెన్యూ సిగ్నల్ దగ్గర పోయింది.

అతని కారు పంతొమ్మిది వందల ముప్ఫైరెండో సంవత్సరపు కూపే, రెండు తలుపుల బండి. పైకప్పు తెగ్గోసి నాలుగంగుళాలు కిందికి దించిందీ, పాత ఇంజను పీకేసి ఎనిమిది సిలిండర్లది కూర్చోబెట్టిందీ అతనే, పెళ్లికి ముందు. ఏటా వసంతంలో పాత కార్లని ఇలా మార్చుకునే ఊళ్లోని హాట్ రాడ్ క్లబ్బు వాళ్లంతా కెర్న్ నది వెంబడి కొండ దారిలో కెర్న్‌విల్ దాకా వెళ్తారు. నలభై బండ్లు. ఇరవై రెండేళ్లుగా అందరికన్నా ముందుండేది ఆ నల్ల కూపేనే. కొండ దారిలో ముందు బండి ఎలా పోతే వెనక ముప్ఫై తొమ్మిది బండ్లూ అలా పోవాలి కాబట్టి, ఆ చోటు అందరికీ దక్కేది కాదు.

ఆ ఆదివారం క్లబ్బు వాళ్లంతా ఊరికే డోనట్ల దుకాణం దాకా వెళ్తున్నారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆర్లిస్ యాక్సిలరేటర్ తొక్కాడు. కూపే ఓ క్షణం ఊపిరి బిగబట్టింది, దగ్గింది, ముందుకొక కుదుపు కుదిపి ఆగిపోయింది. కాఫీ కాస్తా ఒళ్లో పడింది. వెనకాల ముప్ఫై తొమ్మిది హారన్లు. అందులో ఒకటి గుర్రంలా సకిలించే హారన్. అది గేలన్ స్టోవల్‌ది. నలభై ఏళ్ల స్నేహితుడు, ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు కూడాను.

గేలన్ ఆ రోజు హారన్ కొట్టి ఊరుకున్నాడు. రెండు వారాల్లో ఇంకో మూడుసార్లు అలాగే జరిగాక, డోనట్ నములుతూ, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ అన్నాడు.

"ఒరేయ్ ఆర్లిస్, ఈసారి కొండకి నా బండి ముందుంచుదామా? నువ్వు నా వెనకే రా. మలుపుల్లో ఆగితే మళ్లీ నీకే ఇబ్బంది."

వెటకారంగా అని ఉంటే ఆర్లిస్ తిట్టి ఊరుకునేవాడు. మెత్తగా అన్నాడు, అదే గుచ్చుకుంది.

"పెట్రోల్‌రా గేలన్. బంకు వాడు నీళ్లు కలుపుతున్నాడు. వచ్చే శనివారం కొండకి బయల్దేరే పొద్దునకి బాగు చేసుకుని వస్తా. అప్పటికి కాకపోతే నువ్వే ముందు" అన్నాడు ఆర్లిస్, అందరికీ వినబడేలా. ఆర్లిస్ మాట కదా, పక్క బల్ల దగ్గర ముగ్గురు ఆ సాయంత్రమే తమ ట్యాంకులు ఖాళీ చేసేశారు.

తన ట్యాంకూ ఖాళీ చేశాడు. కొత్త పెట్రోల్ పోశాడు. కూపే మళ్లీ దగ్గింది.

డెబ్బై ఒకటో ఏట, జనవరిలో కుడి మోకాలు తీసేసి ఉక్కుది పెట్టించుకున్న మనిషికి రోజూ బానెట్ కిందికి ఒంగడమంటే మాటలు కాదు. ముందు నిప్పు సంగతి చూశాడు. ప్లగ్గులు ఎనిమిదీ విప్పి వరసగా పెడితే, మొనలన్నీ కాల్చిన రొట్టె రంగులో శుభ్రంగా ఉన్నాయి. నిప్పు పడే వేళ చూశాడు, సరిగ్గానే ఉంది. గాలి ఎక్కడైనా దొంగదారిన లోపలికి పోతోందేమోనని గొట్టాలన్నీ మార్చాడు. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ దించి, విప్పి, కడిగి, ఊది, బిగించాడు. మర్నాడు మళ్లీ దించాడు. వంటింటి బల్ల మీద పాత పేపర్ల మీద చిన్న చిన్న ఇత్తడి ముక్కలు పరిచి ఉంటే, లవోన్ వాటి పక్కనే మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ పెట్టి, "ఏది తినాలో చూసి తిను" అనేది.

ఇంజను ఆపి, మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి తొంగి చూస్తూ చేత్తో మీట కదిపేవాడు. పెడల్ తొక్కగానే అక్కడున్న నాజిల్ నుంచి రెండు సన్నటి పెట్రోల్ ధారలు చిమ్మాలి. గాలి ఒక్కసారిగా లోపలికి దూకినప్పుడు ఇంజనుకు ఆ గుటకే ఆధారం. అది చాలకపోతేనే దగ్గు. ధారలు చక్కగా, వెంటనే వస్తున్నాయి. ఆ నాజిల్ ఇరవై ఎనిమిదో నంబరుది; నంబరు పెరిగే కొద్దీ రంధ్రమూ పెద్దదవుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే. నిన్నటిదాకా సరిపోయింది ఇవాళ ఎందుకు చాలదు? కాబట్టి తప్పు నాజిల్‌ది కాదు, ఇంకేదో పాడయింది. ఇలా అనుకుని పాడవ్వనివన్నీ ఒక్కొక్కటిగా బాగు చేసుకుంటూ పోయాడు.

గురువారం మధ్యాహ్నానికి అతనికి విసుగు కూడా రావడం మానేసింది. గరాజ్ మెట్టు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఎండలో కొండల మీద నేలలోంచి చమురు తోడే పంపులు ఎప్పటిలాగే ఆగకుండా తలలూపుతున్నాయి. వాటిని చూస్తే ఒళ్లు మండింది.

"లవోన్, ఒకసారి నువ్వు నడుపు. నేను బయట నిలబడి చప్పుడు వింటా."

లవోన్ చేతులు తుడుచుకుని వచ్చింది. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. వీధి చివర ఆగమనే బోర్డు దాకా వెళ్లింది, ఆగింది, కదిలింది. తిరిగొచ్చింది, ఆగింది, కదిలింది. కూపే వెన్న మీద జారినట్టు పోయింది. నాలుగుసార్లు తిరిగింది, నాలుగుసార్లూ అంతే.

"ఏం చేశావ్?" అన్నాడు ఆర్లిస్.

"ఏం చేస్తాను, తొక్కాను."

"నాకు ఆగిపోతోందే!"

"ఎక్కు, నువ్వు తొక్కు చూద్దాం." ఆమె పక్క సీట్లోకి జరిగి, ఒంగి, అతని పాదం వైపు చూసింది. కూపే దగ్గింది. ఆమె తల ఎత్తలేదు. "బూటు విప్పు ఆర్లిస్" అంది.

"ఏంటీ?"

"బూటు విప్పమన్నా. నలభై ఏళ్లు ఊరందరి చేతా విప్పించావుగా, నీ వంతొచ్చింది."

విప్పాడు. బొటనవేలు బయటికే ఉంది. ఆమె దాన్ని ఒక చూపు చూసి పెడల్ వైపు తిరిగింది. ఆ పాదం ఏం చేస్తోందో అతనూ మొదటిసారి కిందికి చూసుకున్నాడు. మామూలుగా మడమ ఆనించి మునివేళ్లతో నెమ్మదిగా నొక్కే కాలు అది. ఇప్పుడు మోకాలు ఒప్పుకోవడం లేదు. కాస్త ఆగి, తొడ దగ్గర్నుంచి కాలంతా ఒకేసారి పడుతోంది, మెట్టు తప్పిన మనిషి కాలు పడ్డట్టు. ఇరవై ఎనిమిదో నంబరు గుటక ఆ దెబ్బకి ఎలా చాలుతుంది?

"బస్సులో ఇలా తొక్కితే నలభై మంది పిల్లల ముక్కులు పగిలేవి" అంది లవోన్.

"మూడు వారాలు..." అన్నాడు ఆర్లిస్. ఆమె అతని మోకాలి మీద చెయ్యేసి, "దీనికి నంబరు పెద్దది పెట్టు. వేరే వాళ్లయితే అదేగా చేస్తావ్" అంది.

శుక్రవారం ముప్ఫై ఐదో నంబరు నాజిల్ బిగించాడు. పది నిమిషాల పని. తొందరపాటు కాలు ఉన్న కుర్రాళ్లకి పెట్టే నంబరది. వాళ్లని చూసి ఎన్నిసార్లు నవ్వాడో గుర్తొచ్చింది. వీధి చివర ఆగి తొక్కాడు. కూపే దగ్గలేదు.

శనివారం పొద్దున డోనట్ల దుకాణం ముందు సిగ్నల్ దగ్గర అందరూ కాఫీలు పట్టుకుని చూస్తుండగా ఆగి, తొక్కి, ఒక్క కుదుపు లేకుండా వచ్చి నిలబడ్డాడు. గేలన్ చప్పట్లు కొట్టాడు.

"ఏంట్రా, పెట్రోలేనా?"

ట్యాంకులు ఖాళీ చేసుకున్న ముగ్గురూ దగ్గరికొచ్చారు. అవునంటే అయిపోయేది. లవోన్ తన డోనట్ మీది చక్కెర పలుకులు లెక్కపెడుతున్నట్టు తల దించుకుంది.

"పెట్రోల్ బానే ఉంది" అన్నాడు ఆర్లిస్. "పాపం ఆ బంకు వాడి తప్పేం లేదు. నా మోకాలు. కొత్తది సరిగ్గా ఒంగట్లేదు. కాలు దబ్బున పడుతోంది."

ముగ్గురూ వంగి అతని మోకాలి వైపు చూశారు.

"అంటే మా ట్యాంకులు నీ మోకాలి కోసం ఖాళీ చేశామా!" అన్నాడొకడు.

"మోకాలు కూడా విప్పి కడిగి బిగించలేకపోయావా?" అన్నాడు ఇంకొకడు.

అయిదు నిమిషాలు నవ్వారు. ఆర్లిస్ టోపీ సర్దుకుంటూ నిలబడ్డాడు. గేలన్ మాత్రం మిగతావాళ్లంత నవ్వలేదు. "సరే, ముందు నువ్వే పద" అని తన బండి వైపు వెళ్లిపోయాడు.

ముందు అతనే వెళ్లాడు. కెర్న్‌విల్ దాకా ఒక్క మలుపులో కూడా కూపే తప్పటడుగు వేయలేదు. కానీ అక్కడ దిగేసరికి మోకాలు బన్ను రొట్టెలా ఉబ్బింది. తిరుగు ప్రయాణంలో లవోన్ నడిపింది. ఆమె మెత్తటి కాలికి ఆ పెద్ద నాజిల్ గుటక ఎక్కువైంది. ప్రతి సిగ్నల్ దగ్గరా కూపే నల్లటి పొగ తేన్చింది, పెట్రోల్ వాసన కొట్టింది. "ఇప్పుడిది నీ బండి అయిపోయింది, నాది కాదు" అంది ఆమె. అతను కాలు చాపుకుని కళ్లు మూసుకున్నాడు. రెండు నాజిళ్లూ దగ్గర పెట్టుకోవాలి, ఎవరు నడిపితే వాళ్లది, అనుకున్నాడు. ఆ ఆలోచనకే ఒళ్లు అలిసిపోయింది.

మంగళవారం గేలన్ వచ్చాడు. వాకిట్లో బండి ఆపి, దిగకుండా, స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాడు.

"నాదీ దగ్గుతోందిరా" అన్నాడు చివరికి. "ఏడాదవుతోంది. తుంటి. ఎవరికీ చెప్పలేదు."

"ఏడాదా! మరి ముందు నువ్వుంటానన్నావే!"

"ముందుంటే నా దగ్గు వెనకున్న నీకొక్కడికే కనబడుతుంది, నువ్వైతే హారన్ కొట్టవు కదా అనుకున్నా."

ఆర్లిస్ కుంటుకుంటూ అటు వైపు వెళ్లి, పక్క సీటు తలుపు తీసి, మూలిగి, కూర్చున్నాడు. అతను నోరు తెరవకముందే గేలన్ ఒంగి బూట్లు విప్పాడు. కొత్త మేజోళ్లు వేసుకొచ్చాడు. కొన్న దుకాణం కాగితం ఒకదానికి ఇంకా అంటుకునే ఉంది.