మూడు మేకుల చెక్క

హిందీ సారు పోయారన్న కబురు రెండో పీరియడ్ మధ్యలో తెలిసింది. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. నాలుగు రోజులుగా ఆయన ఆసుపత్రిలో ఉన్నారన్న సంగతీ అప్పుడే చదివాను. ఒక్కరైనా ఫోన్ చేయలేదేమని ముందు అందరి మీదా కోపం వచ్చింది. నేను ఆయనకు ఫోన్ చేసి ఎన్ని నెలలైందో గుర్తుకొచ్చాక ఆ కోపం నా మీదికే తిరిగింది. పిల్లలకు రాతపని ఇచ్చి, సెలవు చీటీ రాసి, గోదావరిఖనికి షేర్ ఆటో ఎక్కాను. నేనిప్పుడు బడిలో పంతులమ్మనే. ఆయన లేకపోతే బడి గడప బయటే ఉండేదాన్ని.

గోదావరిఖనిలో మా హైస్కూల్లో సారు హిందీ చెప్పేవారు. నిజం చెప్పాలంటే అంత గొప్పగా ఏమీ చెప్పేవారు కాదు. ఏ పదం ఆడో ఏది మగో నాకు ఇప్పటికీ తేలదు. జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలుండేవి. మా నోటు పుస్తకాలు పెన్సిల్‌తోనే దిద్దేవారు. ఎందుకని అడిగితే, "ఎర్ర గీత చూస్తే పొల్ల మొఖం మాడిపోతది. పెన్సిల్ అయితే తుడుచుకుంటది" అన్నారు.

నేను తొమ్మిదో తరగతిలో చేరేనాటికి మా ఊరు లేదు. నేలనంతా పైనుంచి తవ్వేసే ఓపెన్ కాస్టు గనికి భూములూ ఇళ్లూ పోయి, బస్తీ చివర ఇచ్చిన కాలనీకి వచ్చి పడ్డాం. పొలం పోయిన మా బాపు దొరికిన కూలికల్లా వెళ్లేవాడు. బడిలో సగం మంది క్వార్టర్ల పిల్లలు, అంటే గని కార్మికుల బిడ్డలు. మిగిలిన సగం మాలాగా ఊళ్లు పోయినవాళ్లం. మంచినీళ్ల ట్యాంకు దగ్గర రెండు వరసలు, మధ్యాహ్న భోజనానికి రెండు వరండాలు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు గానీ అలాగే కూర్చునేవాళ్లం. రోజూ ఏదో ఒక కొట్లాట.

ఒకరోజు క్వార్టర్ల పిల్ల ఒకతి నన్ను చూసి, "మీ ఊరేడుందే? గుంతల ఉన్నదా?" అని నవ్వింది. నా చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. విసిరాను. కనుబొమ మీద తగిలి మూడు కుట్లు పడ్డాయి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ రక్తం చూసి ఆ క్షణాన నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

టీసీ ఇచ్చి పంపేద్దామన్నారు స్టాఫంతా. ఇంకో బడి వెతికే ఓపిక మా ఇంట్లో లేదు. టీసీ చేతికొస్తే మరునాటి నుంచి నేను పత్తి ఏరడానికే. సారు ఒక్కరే లేచి, "ఒక్క నెల గడువియ్యండి మేడమ్, పూచీ నాది" అని హెడ్ మేడమ్‌ను అడిగారట.

అడిగి, ముందుగా ఆయన ఒక తప్పు చేశారు. ప్రార్థన సమయంలో అందరి ముందూ మా ఇద్దరినీ నిలబెట్టి, నా చేత క్షమాపణ చెప్పించి చేతులు కలిపించారు. ఇద్దరం వేళ్లు తాకించి లాక్కున్నాం. ఆ సాయంత్రమే గేటు బయట ఇంకో నలుగురు కొట్టుకున్నారు. మర్నాడు అదే చోట సారు నిలబడి, "నిన్న నేను చేసింది తప్పు. ఇద్దరాడిపిల్లలను పదిమందిల తమాషా చేసిన. మాఫ్ చెయ్యండి" అన్నారు. ఒక పెద్ద మనిషి మాకు క్షమాపణ చెప్పడం అప్పటిదాకా మేమెవ్వరం చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన ఒక చిన్న చెక్క తెచ్చారు. దానికి మూడు మేకులు, మేకుకొక ఇత్తడి బిల్ల. సారు వాళ్ల నాన్న, ఆయన మాటల్లో అబ్బా, గనిలో దీపాల గదిలో పనిచేసినవాడు. లోపలికి దిగే కార్మికుడు తన నంబరున్న ఇత్తడి బిల్లను అక్కడిచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిల్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా మేకుకు బిల్ల వేలాడుతోందంటే, ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్న మాట. "ఒకనాడు ఒక్క బిల్ల మిగిలింది" అని చెప్పారు సారు. "మా అబ్బా డ్యూటీ అయిపోయినా ఇంటికి రాలే. ఆ మనిషి పైకొచ్చి బిల్ల చేతిల తీసుకున్నదాకా ఆడనే కూసున్నడు. వాళ్లిద్దరికి అంతకుముందు మాటల్లేవు."

తర్వాత పద్ధతి చెప్పారు. పొద్దున బడికి రాగానే ఎవరి బిల్ల వాళ్లు మేకుకు తగిలించాలి. సాయంత్రం మాత్రం నా బిల్ల ఆ క్వార్టర్ల పిల్ల తీసి నా చేతికివ్వాలి, ఆమెది నేనివ్వాలి. ఇచ్చేదాకా ఇద్దరూ ఇంటికి పోవడానికి లేదు. మూడోది సారు బిల్ల. అది మేమిద్దరం కలిసి తీసి ఆయనకివ్వాలి. "మాట్లాడుకోవాల్నా సార్?" అని అడిగాను. "అవసరం లేదు. నోరు ఎన్నైనా చెప్తది. నాకు చెయ్యి చాలు" అన్నారు.

మొదటి రోజు ఆమె నా బిల్లను నేల మీదికి విసిరింది. సారు తల ఎత్తకుండానే, "నేలకు కాదు బిడ్డా, చేతికి" అని పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్నారు. ఎండ కిటికీ దిగిపోయింది. ఆమె వెళ్లే ఆటో హారన్ కొట్టి కొట్టి పోయింది. చివరికి తేలును పట్టుకున్నట్టు బిల్లను రెండు వేళ్లతో పట్టుకుని నా అరచేతిలో పడేసింది. నేనూ అంతే మర్యాదగా ఇచ్చాను. పది పన్నెండు రోజులు అలాగే గడిచాయి.

ఒకరోజు ఆమె బడికి రాలేదు. సాయంత్రం నా బిల్ల మేకుకు అలాగే ఉంది. "ఇప్పుడెట్ల సార్?" అన్నాను. సారు మేకుల చెక్కను గోడ నుంచి ఊడదీసి చంకలో పెట్టుకుని బయల్దేరారు. వెనక నేను. బజారులో చాయ్ హోటల్ ముందు ఎవరో, "ఏం అమ్ముతున్నవ్ సారూ?" అని అడిగారు. "కోపాలు. కొంటవా?" అన్నారాయన.

క్వార్టర్ తలుపు ఆమె తండ్రే తీశాడు. ఓపెన్ కాస్టులో మట్టి మోసే డంపర్ నడుపుతాడట. నన్ను చూడగానే కూతుర్ని కొట్టింది నేనేనని ఆయనకు తెలిసిపోయింది. తిడతాడనుకున్నాను. "ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాడు. చెప్పాను. ఆయన నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, "ఆ ఊరి మట్టి తీసేటప్పుడు ఒక రోలు కనవడ్డది. దాన్ని డంపర్ల ఎయ్యనియ్యలే. పక్కకు పెట్టించిన. ఎవలిదో ఏమో" అన్నాడు. అది మాదేనని కాదు. ఊళ్లో ఇంటికో రోలుండేది. కానీ మా ఊరి వస్తువు ఒకటి ఇంకా ఎక్కడో భూమ్మీద ఉందని వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు.

లోపల ఆమె జ్వరంతో పడుకుని ఉంది. సారు మంచం పక్కన చెక్క పట్టుకుని నిలబడ్డారు, పటం మోసుకొచ్చినట్టు. ఆమె లేచి కూర్చుని, నా బిల్ల తీసి నా చేతిలో పెట్టింది. పెట్టి, ఈసారి చెయ్యి వెంటనే తీయలేదు. ఆ చెయ్యి కాలిపోతోంది. "ఏడ్వకే, నీ తోటి నాకూ ఏడుపొస్తది" అంది. మేమిద్దరం కలిసి సారు బిల్ల తీసి ఆయనకిచ్చాం. ఆయన పల్లీల పొట్లం ఆమె దిండు పక్కన పెట్టారు.

నెల గడిచాక హెడ్ మేడమ్ ఆమెను పిలిచి, "నిన్ను కొట్టిన పిల్లను ఉంచాలా, పంపాలా? నువ్వే చెప్పు" అన్నారు. తలుపు బయట నిలబడి నేను వింటున్నాను. ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది. "ఉంచుండ్రి మేడమ్. ఆమె పోతే నా బిల్ల ఎవలిస్తరు?"

ఆ తర్వాత తరగతిలో పెద్ద చెక్క వచ్చింది, చాలా మేకులు వచ్చాయి. కొట్లాటలు మొత్తం ఆగిపోయాయని చెప్పను. అయినా ఒక ఎండాకాలం నాటికి నీళ్ల ట్యాంకు దగ్గర వరస ఒకటే అయింది. అదెప్పుడు జరిగిందో మేమూ గమనించలేదు. మొదటి మూడు మేకుల చెక్కను మాత్రం సారు రిటైరైన రోజున ఇంటికి తీసుకుపోయారు.

నేను వాళ్లింటికి చేరేసరికి మగవాళ్లు ఆయన్ను ఖబరస్తాన్‌కు తీసుకుని వెళ్లిపోయారు. ఆడవాళ్ల మధ్య కనుబొమ మీద మచ్చతో ఆమె అప్పటికే ఉంది. ఇప్పుడు నర్సు, డ్యూటీ బట్టల్లోనే వచ్చేసింది. ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం. మేం అమ్మీ అని పిలిచే సారు భార్య మా ఇద్దరినీ చూసి, వరండా గోడ వైపు చెయ్యి చూపించింది.

చెక్క అక్కడే ఉంది. రెండు మేకులు ఖాళీ. మూడో దానికి సారు బిల్ల.

"రిటైరైనంక గూడ పొద్దున లేవంగనే తగిలిస్తుండె" అంది అమ్మీ. "పొద్దుగూకంగ నేను తీసి చేతికిస్తే, ఆజ్ కీ డ్యూటీ ఖతం అని నవ్వుతుండె. దవాఖానకు పోయిన్నాడు పొద్దుగాల గూడ తగిలిచ్చిండు."

మా ఇద్దరి చేతులూ ఒకేసారి లేచాయి. ఆయన బిల్ల తీయడం మా పని కదా. కానీ తీసి ఎవరి చేతికివ్వాలి? అలాగే ఆగిపోయాం.

"ఉండనియ్యుండ్రి బిడ్డా" అంది అమ్మీ. "పైకి రానోళ్ల బిల్ల తియ్యద్దని ఆయననే అంటుండె."

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు ఇద్దరం కలిసి వెళ్లాం. గనుల ఊరు కదా, ఆ వరండాలో కుర్చీ మీద, కిటికీ ఊచ మీద, ఆఖరికి ఆ చెక్క మీద ఎక్కడ వేలు పెట్టినా నల్లటి దుమ్ము అంటుకుంటోంది. బిల్ల మాత్రం తళతళలాడుతోంది. అమ్మీ రోజూ పొద్దుగూకే వేళకు కొంగుతో దాన్ని తుడుస్తుందట, మేకు నుంచి తీయకుండానే.