తాళంచెవి ఇచ్చేసిన జమాదార్ మామ

మొన్న మంగళవారం పొద్దున జమాదార్ మామ పోయారు. సూరత్‌లో హెడ్ కానిస్టేబుల్‌ను జమాదార్ అంటారు. పాండేసర దగ్గరి మా గల్లీలో పిల్లలకూ పెద్దలకూ ఆయన పేరు అదే. ఆయన ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ, కబురు గోడ అవతలి ఏడుపుగానే వచ్చింది. నాలుగు మాటలు రాయమని ఇక్కడి మా తెలుగువాళ్ల సంఘం అడిగింది. ఎక్కువ పొగిడితే ఆయనకు గిట్టేది కాదు, కాబట్టి చూసుకుని రాస్తున్నాను.

వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి ఇక్కడికి వచ్చిన మనిషి. మామ ఇక్కడే పుట్టి, గుజరాతీ బడిలో చదివి, పోలీసుల్లో చేరారు. లాఠీ పట్టిన రోజులు తక్కువే. ఠాణాలో రికార్డు గదినీ, ముద్దామాల్ గదినీ ఆయనకు అప్పగించారు. కేసుల్లో పట్టుకున్న సామాను దాచేది ముద్దామాల్ గది.

మా నాన్న సైకిలు దొంగలెత్తుకుపోయి మళ్లీ దొరికినప్పుడు, విడిపించుకోవడానికి వెళ్లి ఆ గదులు చూశాను. ఏ ఏటి కేసుల కాగితాలు ఆ ఏటి బట్టలో మూటగట్టి, చెదలు పట్టకుండా గోడకు ఎడంగా పేర్చారు. పక్కగదిలో కత్తులు, మోటారు సైకిళ్లు, ఎవరో ఎత్తుకెళ్లబోయిన చీరల మూట. ప్రతిదానికీ ఒక చీటీ. ఆ చీరలు చూపించి, "కోర్టు ఇడిసిపెట్టే వరకు ఇవి ఈడనే. గీ డిజైను కట్టాలనుకున్న పిల్ల అమ్మమ్మ అయితది గానీ ఇవి బయటికి రావు" అన్నారు. నవ్వకుండా జోకులు వెయ్యడం ఆయన అలవాటు.

ఇంట్లోనూ అదే తంతు. కరెంటు బిల్లులూ, పెళ్లి పత్రికలూ అన్నీ మూటల్లోనే. ఎవరైనా నిచ్చెన తీసుకుపోతే, దాన్ని తగిలించే మేకుకు వాళ్ల పేరు చీటీ వేలాడేది. "నిచ్చెనకు గూడ పంచనామా రాస్తవా అన్నా?" అని మా అమ్మ ఏడిపించేది. "నీ పేరే జాస్తి ఉన్నదమ్మా" అనేవారు. చివరి ఏళ్లలో ఠాణాకు కంప్యూటర్లు వస్తే ఆయన అలగలేదు, ఒక వేలితో కొట్టడం నేర్చుకున్నారు. "దాంట్ల దొరుకుతది, కాదంటలేను. ఎక్కిచ్చినోడు సక్కగ ఎక్కియ్యాలె గదా" అనేవారు.

ఇక అసలు సంగతి. గల్లీలో అందరికీ తెలిసిందే, రాయకపోతే ఆయన గురించి రాసినట్టు కాదు.

ఆయనకు ఒక్కడే తమ్ముడు. అమ్మానాన్నలు తొందరగా పోతే మామే పెంచారు. ఆ తమ్ముడు కుర్రతనంలో కూలి రేటు దగ్గర సాంచాల సేటు మనుషులతో కొట్లాడితే కేసైంది. తరవాత రాజీ కుదిరింది, సేటు కూడా మరిచిపోయాడు. కాగితం మాత్రం మూటలో ఉండిపోయింది. కొన్నేళ్లకు తమ్ముడికి హజీరాలో కంపెనీ ఉద్యోగం దొరికేటట్టు అయింది. కంపెనీ బస్సు, క్వార్టరు, పిల్లలకు బడి. కానీ ఠాణా నుంచి మంచి నడవడిక కాగితం తేవాలి. అప్పట్లో ఆ పాత మూటలు చూసే అది రాసి ఇచ్చేవాళ్లు.

సరిగ్గా అవే రోజుల్లో రికార్డు గదిలో ఏరివేత నడుస్తోంది. గడువు తీరిన కాగితాలను విడిగా తీసి, ఠాణా పెద్ద సాహెబు సంతకంతో నాశనం చేస్తారు. తమ్ముడి కాగితానికి గడువు తీరలేదు. తమ్ముడు, మరదలు వచ్చి కూర్చున్నారు.

"ఆ కుప్పల ఇదొకటి ఎయ్యే. ఎవలు చూస్తరు?" అన్నాడు తమ్ముడు.

మర్నాడు మామ సాహెబు దగ్గరికి వెళ్లి, ఆ మూటలో తన తమ్ముడి కేసు ఉందని చెప్పి, ఏరివేత పని ఇంకొకరికి ఇవ్వమని తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చారు. కాగితం మూటలోనే ఉండిపోయింది, తమ్ముడికి ఆ హజీరా ఉద్యోగం దక్కలేదు. తమ్ముడు వాకిట్లో నిలబడి, "నువ్వు నాకు అన్నవు గాదు, ఠాణా గోడవు" అని అరిచి, సంసారంతో పల్సానా సాంచాలకు వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

నాకూ కోపమే వచ్చింది. సాయం చెయ్యకపోతే మానె, పోయి చెప్పడం ఎందుకు? రిటైరయ్యాక ఒకసారి అదే అడిగాను.

"తియ్యనని గాదు బిడ్డా. తీస్తనేమోనని భయమైంది. నేనే పెంచిన పోరడు. ఇంకొక్క రోజు తాళంచెవి నా జేబుల ఉంటే తీసేటోన్ని."

ఆయన చేసింది న్యాయమే అనుకుంటాను. న్యాయం చేసినవాడికి నిద్ర బాగా పడుతుందంటారు, అన్నవాళ్లు మా గోడ పక్కన కాపురం ఉండలేదు. ఏ పండక్కి అత్త గారెలు వండినా ఒక గిన్నె పక్కకు తీసి పెట్టించేవారు, ఎవరూ రారని తెలిసీ. నా మటుకు నేను, అంత గట్టి మనిషికి అంత మెత్తని భయం ఉందని తెలిశాకే ఆయన్ని నిజంగా ప్రేమించాను.

మంగళవారం మధ్యాహ్నం తమ్ముడు పల్సానా నుంచి షిఫ్టు బట్టల్లోనే శ్మశానానికి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. అంతా అయ్యాక, నేనూ మామ అల్లుడూ చావు నమోదు చేయించడానికి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడితే, మమ్మల్ని జరిపి ముందుకొచ్చాడు.

"మరనేవాలే కే క్యా లగ్తే హో?" అని గుమస్తా అడిగాడు. చనిపోయినాయనకు నువ్వేమవుతావని.

తమ్ముడు అన్న పేరు మాత్రం చెప్పాడు. గుమస్తా కాసేపు చూసి, తనే 'సంబంధి' అని కంప్యూటర్లో కొట్టాడు. చుట్టమని.

"సంబంధి నహీ. సగా భాయి లిఖో" అన్నాడు తమ్ముడు. సొంత అన్నదమ్ముడని రాయమని.

"చలేగా, కాకా." అదీ సరిపోతుందన్నాడు గుమస్తా. వెనక ఇంకో శవం వాళ్లు తొందరపెడుతున్నారు.

"నహీ చలేగా."

కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. గుమస్తా విసుక్కుంటూ ఆ మాట తుడిచేసి, తోడబుట్టినవాడని మళ్లీ కొట్టేదాకా, తెర మీద ఒక్కొక్క అక్షరమే పెదవులు కదుపుతూ చదువుకున్నాడు.