స్టాఫ్ టికెట్‌కు లేదమ్మా

సంగీతది ఏన్కూరు దగ్గరి తండా. డిగ్రీ అయ్యాక 2005లో బేగంపేట విమానాశ్రయంలో ఒక ప్రైవేటు విమాన కంపెనీ కౌంటర్‌లో ఉద్యోగం వచ్చింది. మిరపతోట తప్ప మరొకటి ఎరగని తండ్రి దస్రు, ఆమె ఉద్యోగం సంగతి ఎత్తకుండా ఎవరితోనూ మాట ముగించేవాడు కాదు. ఆమె పనిమంతురాలు. రూలు తప్పదని సూపర్‌వైజర్ అందరి ముందూ మెచ్చుకునేవాడు. ఆ మెప్పు ఆమెకు బాగా రుచించింది.

మరుసటి ఏడు వానాకాలంలో ఒకరోజు చెన్నై విమానం ఆరు గంటలు ఆలస్యమైంది. మధ్యాహ్నానికి ప్రయాణికుల అరుపులతో కౌంటర్ దద్దరిల్లింది. సంగీత భోజనం పొట్లాలు పంచుతోంది. వరసలో ఒక పెద్దామె వంతు వచ్చింది. ఒక కంటికి కట్టు ఉంది. సంగీత ఆమె టికెట్ చూసింది. కంపెనీలో పనిచేసేవాళ్ల ఇంటివారికి నామమాత్రపు ధరకు ఇచ్చే స్టాఫ్ టికెట్ అది.

"స్టాఫ్ టికెట్‌కు లేదమ్మా. పక్కకు జరగండి."

పెద్దామెకు అర్థం కాలేదు. ఏదో అడగబోయింది. సంగీత గొంతు పెంచింది.

"అగ్గువకు వచ్చిన టికెట్ మీద అన్నం కూడా కావాల్నా? జరగండి!"

వెనక ఎవరో నవ్వారు. సామాన్లు ఎక్కించే లోడర్ జంపయ్య పరుగున వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆమె జంపయ్య భార్య కన్నమ్మ అని సంగీతకు అప్పుడు తెలిసింది. వాళ్లది భద్రాచలం అవతల, చర్ల రోడ్డులో అడవి పల్లె. కంటి ఆపరేషన్‌కు ఆమె చెన్నై పోతోంది. అంతకుముందు ఎదురుపడితే జంపయ్య "మన జిల్లా బిడ్డ" అని నవ్వేవాడు. మర్నాటి నుంచి తల వంచుకుని పోసాగాడు.

సంగీతకు అది గుచ్చుకుంది. చేసింది రూలు ప్రకారమే కదా అని తనకు తాను చెప్పుకుంది.

చలికాలంలో ప్రమోషన్ పరీక్ష కోసం కంపెనీ నిబంధనల పుస్తకం మొదటిసారి పూర్తిగా చదివింది. అంతవరకూ సూపర్‌వైజర్ నోటిమాటే ఆమెకు రూలు. ఆలస్యానికి నష్టపరిహారం, హోటల్ గది స్టాఫ్ టికెట్ వాళ్లకు ఉండవు. అది నిజమే. కానీ ఆ కిందే ఇంకో వాక్యం ఉంది. నాలుగు గంటలు దాటితే భోజనం, మంచినీళ్లు ప్రయాణికులందరికీ ఇవ్వాలి, ఏ టికెట్ అయినా సరే. ఆమె చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లలో ఎందరిని పక్కకు జరగమన్నదో గుర్తు రాలేదు. కన్నమ్మ ముఖం ఒక్కటే గుర్తొచ్చింది.

సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు తండ్రికి చెప్పింది. దస్రు చేతిలోని మిరపకాయలు కింద పెట్టాడు.

"నాకు చెప్తే ఏమొస్తది? పోయి ఆమెకు చెప్పు. ఫోన్ల కాదు, మనిషి ముందట నిలబడి చెప్పు."

కొత్తగూడెంలో, భద్రాచలంలో బస్సులు మారి, చర్ల బస్సు దిగి, అడవి బాటన చాలా దూరం నడిచింది. జంపయ్య కందులు కొట్టడానికి సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆమెను చూసి ముందు తత్తరపడి, తర్వాత మంచం వాల్చాడు. కన్నమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చేటతో కందులు చెరుగుతోంది.

దారంతా కూడబెట్టుకున్న మాటలు సంగీత గబగబా చెప్పేసింది. "అమ్మా, ఆ రోజు నీకు అన్నం ఇయ్యాల్సింది. రూల్లనే ఉంది. నేను చదవలే. తప్పు నాదే."

కన్నమ్మ చేట ఆపింది.

"అన్నమా? నాకు నీ అన్నమెందుకు బిడ్డా? జొన్నరొట్టెలు కట్టుకొచ్చుకున్న. ఇమానం ఉన్నదో పోయిందో అడుగుదామని వచ్చిన. అందరు నిలబడ్డరు, నేను గూడ నిలబడ్డ."

సంగీత మంచం మీద నుంచి లేచి నిలబడింది.

"ఊరికె తిననీకి వచ్చినదాన్ని చూసినట్టు చూసిండ్రు అందరు. ఒంటి కంటికి గూడ మంచిగనే కనబడ్డది." చేట మళ్లీ కదిలింది. "ఆపరేషన్ అయినంక రైల్లనే వచ్చిన. ఇంక ఆ టికెట్ నాకద్దని ఈయనకు చెప్పిన."

క్షమించమని అడుగుదామనుకుంది సంగీత. అడిగితే ఈమె నుంచి ఇంకా ఏదో గుంజుకున్నట్టే అవుతుందనిపించి ఊరుకుంది. చివరికి జంపయ్యే నోరు విప్పాడు.

"ఆ రూలు కాయితం నాకొకటి తీసియ్యి. మా లోడర్ల ఇంటోళ్లందర్ని గట్లనే జరగమంటున్నరు."

హైదరాబాద్ వెళ్లగానే జిరాక్స్ తీసి ఇచ్చింది. లోడర్లు దాన్ని తమ గది గోడకు అంటించారు. ఎవరిచ్చారని సూపర్‌వైజర్ అడిగితే, "నేనే సార్" అన్నది. ఆఫీసు కాగితం బయటికి ఇచ్చినందుకు మెమో వచ్చింది. ఆ ఏడు ప్రమోషన్ రాలేదు. స్టాఫ్ టికెట్ వాళ్లకు మాత్రం అప్పటినుంచి భోజనం ఇస్తున్నారు.

మెమో సంగతి దస్రుకు ఎలాగో తెలిసింది. తండాలో అందరికీ చెప్పుకున్నాడు. "మా బిడ్డ గరీబోళ్ల కోసం ఆఫీసుతోని కొట్లాడింది."

సంగీత ఫోన్ చేసింది. "నాయినా, గట్ల చెప్పకు."

"ఎందుకే? అబద్ధమా?"

కన్నమ్మ రొట్టెల మూట సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు. కౌంటర్‌కు రమ్మని ఎవరో పిలుస్తున్నారు.