గెడ్డలో నాలుగడుగులు

మా పక్కవాటాలో కొత్తగా దిగిన అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. ఆదివారం వస్తే చాలు, తనలాంటి వాళ్ళు మరో నలుగురితో కలిసి పెద్ద టైర్ల జీపుల్లో కొయ్యూరు వైపు కొండల్లోకి పోతుంది. రోడ్డున్న చోటికి కాదు, లేనిచోటు వెతుక్కుని మరీ పోతుంది. సాయంత్రం ఆ బండి మా వీధిలో ఆగినప్పుడు దాని అసలు రంగేమిటో చెప్పడం కష్టం. మొన్న పులిహోర ఇవ్వడానికి వెళ్తే ఫోనులో ఫోటోలు చూపించింది. ఒక ఫోటోలో ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడుచుకుని, గెడ్డ మధ్యలో నిలబడి, కర్రతో లోతు చూస్తోంది. కొండవాగుని మా వైపు గెడ్డ అంటాం. ఒడ్డున ముగ్గురు మగపిల్లలు నిలబడి తను ఏం చెబుతుందా అని చూస్తున్నారు. "ముందు మనిషి దిగి చూడాలాంటీ. చూడకుండా బండి దింపితే అంతే సంగతులు," అంది. నాకు తెలుసన్నాను. ఎలా తెలుసని ఆ అమ్మాయి అడగలేదు. అరవై దాటిన రిటైర్డు టీచరమ్మకి ఇలాంటివి తెలుస్తాయని ఎవరూ అనుకోరు.

నాకు నేర్పినాయన మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు. నర్సీపట్నంలో ఒక ఆఫీసులో గుమస్తా. పెళ్ళయిన రెండో ఏడే భార్య పోతే మళ్ళీ చేసుకోలేదు. తండ్రి లేని తమ్ముణ్ణి చదివించి, ఉద్యోగంలో పెట్టి, నాతో పెళ్ళి చేసి, ఇక తన బాధ్యత తీరిందనుకున్నాక తొంభైల మొదట్లో వేలంలో ఒక పాత జీపు కొన్నాడు. దానికి టాపు లేదు. హారను ఉంది గానీ అది తన ఇష్టం వచ్చినప్పుడు మోగేది. ఆదివారం తెల్లారకముందే స్టెప్నీ, చేతిపంపు, తాడు, ఒక వెదురుకర్ర వేసుకుని కొండదారి పట్టేవాడు. ఆ కర్రకి ఎర్ర పెయింటుతో మూడు వలయాలు గీసి ఉండేవి: చీలమండ, మోకాలు, నడుము. ఎక్కడికెళ్ళావంటే ఏ ఊరి పేరూ చెప్పేవాడు కాదు, ఫలానా గట్టు ఎక్కాను, ఫలానా గెడ్డ దాటాను అనేవాడు. మా అత్తగారికి ఇదేమీ అంతుపట్టేది కాదు. "ఆ బురదలో ఈడిదేటో పారీసుకున్నాడు. ఆదోరం ఆదోరం ఎళ్ళి ఎతుకుతున్నాడు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

ఆయనతో నాకు పరిచయమైందే జీపులో. ఒకే ఇంట్లో నాలుగేళ్ళున్నా, బావగారి ఎదుట నేను కుర్చీలో కూర్చున్నది లేదు. ఆయన వాకిట్లోకి వస్తే నేను వంటింట్లోకి వెళ్ళేదాన్ని, నేను పెరట్లో ఉంటే ఆయన దగ్గి మరీ వచ్చేవాడు. అప్పుడు నన్ను కొయ్యూరు మండలంలో కొండమీద బడికి టీచరుగా వేశారు. వానాకాలంలో బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. బస్సు రాని రోజున, ఆఫీసు టైముకి తిరిగొచ్చేలా తను దింపి వస్తానన్నాడు బావగారు. జీపు కొండెక్కడానికి మామూలు రోజుల్లో కూడా ఒక వంక దొరికిందన్న సంతోషం ఆయన మొహంలో దాగలేదు. అత్తగారు ఒప్పుకున్నారు. ఇంట్లో ఎదురుగా కూర్చోనిదాన్ని జీపులో పక్కన కూర్చోవలసి వచ్చింది, వెనక కూర్చుంటే నడుం విరిగిపోయేది మరి. మొదటి నెల్లాళ్ళూ ఇద్దరం రోడ్డుతోనే మాట్లాడినట్టు ముందుకి చూస్తూ మాట్లాడుకున్నాం.

ఒకరోజు జీడిమామిడి తోటలు దాటాక బండి ఆపి, "గేరు మారుస్తున్నంతసేపూ నా సెయ్యే సూస్తున్నావు. నడుపుతావేటమ్మా?" అన్నాడు. కాదనడానికి నోరు తెరిచి, నడుపుతానండీ అనేశాను. ఆ తర్వాత ఊరు దాటేవరకూ ఆయన, తోటలు దాటాక నేను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని అనుకోలేదు కూడా, అలా జరిగిపోయింది. బురదలో స్టీరింగుని గట్టిగా పట్టుకోకూడదని, బండిని దాని మానాన పోనిచ్చి వెనకనుంచి సర్దుకోవాలని చెప్పేవాడు. ఇసక వస్తే టైర్లలో గాలి తగ్గించేవాడు, దాటాక ఆయాసపడుతూ చేతిపంపుతో మళ్ళీ కొట్టేవాడు. గెడ్డ వస్తే మాత్రం దిగి, ప్యాంటు మడుచుకుని, కర్ర పుచ్చుకుని ఆ ఒడ్డు దాకా నడిచి తిరిగొచ్చేవాడు. నిన్న దాటిన గెడ్డయినా సరే. "నిన్నటి నీళ్ళు కావు కదమ్మా," అనేవాడు. నా జీవితంలో మరే పనిలోనూ నాకంత సంతోషం దొరకలేదు, ఇప్పుడు చెప్పడానికి మొహమాటమెందుకు.

తొంభై ఏడు శ్రావణంలో అనుకుంటాను, ఒక వారం ముసురు పట్టింది. బావగారికి ఎడమపాదంలో మేకు దిగి కట్టు కట్టారు, తడవకూడదన్నారు. ఆరోజు పొద్దున వాన తెరిపిచ్చింది, మా బడికి ఇన్‌స్పెక్షను. బస్సు లేదు. ఊరు దాటేదాకా క్లచ్చి నొక్కలేక నొక్కుతూ ఆయన నడిపాడు, తర్వాత నేను. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వద్దమ్మా, ఎనక్కి ఎళ్ళిపోదాం," అన్నాడు. నేను దిగి చూసొస్తానన్నాను. తన కాలికట్టు వైపు చూసుకుని కర్ర ఇచ్చాడు.

అవతలి ఒడ్డున నలుగురైదుగురు మగవాళ్ళు విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు దింపుకుని నీళ్ళు తగ్గడం కోసం కూర్చుని ఉన్నారు. ఇవతల బావగారు. నేను చీర మోకాళ్ళ దాకా ఎత్తాలి. నా ఇబ్బంది కనిపెట్టి ఆయన కుంటుకుంటూ జీపు వెనక్కి వెళ్ళి, టైరు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. నేను కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని రెండడుగులు వేశాను. నీళ్ళు చీలమండలు దాటాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే అసలు పాయ. అక్కణ్ణుంచే చెయ్యి చాపినంత దూరం కర్ర గుచ్చి చూసి వెనక్కి వచ్చేశాను. "మోకాలి లోతేనండీ. అడుగు గట్టిగానే ఉంది," అన్నాను. ఆయన ఒకసారి నా కాళ్ళవైపు చూసి, చూపు తిప్పేసుకుని, ఎడమసీట్లోకి ఎక్కాడు.

ఆ నాలుగడుగుల్లోనే గొయ్యి ఉంది. ముందు చక్రం దిగిపోయింది, బండి ఎడమవైపు పడింది. ఆయన మోకాలు బండికీ బండరాయికీ మధ్య నలిగింది. అడ్డాకులవాళ్ళు దూకి మమ్మల్ని బయటికి లాగారు. నాకు చేతిమీద గీరుకుపోయిందంతే. ఆస్పత్రిలో ఇంటివాళ్ళు రాకముందు ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. "ఎవరడిగినా నేనే నడిపేనని సెప్పు. నువ్వు నడిపేవంటే ఊరంతా ఇంకోలా సెప్పుకుంటారు," అన్నాడు. నేను తలూపాను.

మా ఆయన వచ్చి మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. అన్నగారి మాటకి ఏనాడూ ఎదురు చెప్పని మనిషి. "కట్టు కట్టిన కాలితో బండి తీస్తావా? నువ్వు సావాలనుకుంటే సావు, నా ఇంటిదాన్నెందుకు తీసుకెళ్ళేవు?" అన్నాడు. అదే ఆయన అన్నగారితో ఆడిన ఆఖరి మాట. డ్రైవరు కూర్చునేది కుడివైపు కదా, ఎడమవైపు పడిన బండి కింద డ్రైవరు కాలు ఎలా నలిగిందని ఎవరూ అడగలేదు. కళ్ళారా చూసిన అడ్డాకులవాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. అత్తగారు జీపుని ఇటుకబట్టీవాళ్ళకి ఇప్పించేశారు. బావగారు రోలుగుంటకి బదిలీ చేయించుకుని ఒక గది తీసుకున్నాడు. నేను పక్కనే నిలబడి అన్నీ చూశాను. నా ఓర్పుని చుట్టాలంతా మెచ్చుకున్నారు.

చెబుదామనే అనుకున్నాను. అత్తగారికి ఒంట్లో బాగోలేదని ఒక ఏడు, మా ఆయనకి బీపీ అని ఒక ఏడు, అమ్మాయి టెన్త్ అని ఒక ఏడు. ఏడాదికి రెండుసార్లు పచ్చడి పట్టుకుని రోలుగుంట బస్సెక్కేదాన్ని. ఇంట్లో అక్కడి బడిలో పనుందని చెప్పేదాన్ని. రెండువేల ఏడులో వెళ్ళినప్పుడు ఆయన బాగా చిక్కిపోయి ఉన్నాడు. తప్పంతా నాదేనండీ, నేను లోపలికి వెళ్ళకుండానే వచ్చి అబద్ధం చెప్పానన్నాను.

"తెలుసు. సీర అంచు సూసేను. మోకాలి లోతుకి దిగితే తడవాల, తడవలేదు," అన్నాడు. "ఇంకా లోపలికెళ్ళు, సీర ఎత్తుకోమని బావగార్నయ్యుండి నేనెలగ సెప్తానమ్మా?"

నేను తెచ్చిన పచ్చడి సీసా పక్కకి పెట్టి, "ఆవేళ సెప్పొద్దన్నాను. ఇప్పుడు నీ ఇష్టం. ఓపాలి తమ్ముణ్ణి సూడాలనుంది, బేగి రమ్మను," అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. ఇంటికొచ్చేసరికి మా ఆయన సున్నాలవాళ్ళతో తగువు పడుతున్నాడు. దీపావళి వెళ్ళాక చెబుదామనుకున్నాను. కార్తీకంలో బావగారు నిద్రలోనే పోయాడు.

కర్మంతా మా ఆయనే చేశాడు, ఇంకెవరున్నారు గనక. పదకొండోరోజు గుండుతో అరుగుమీద ఒక్కడూ కూర్చుని ఉంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఇప్పుడెందుకు సెప్పేవు?" అన్నాడు. మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు. నాతో అవసరానికి మించి మాట్లాడటం కూడా ఆరోజుతోనే మానేశాడు.

బావగారి గదిలోంచి వచ్చిన సామానులో చేతిపంపూ వెదురుకర్రా ఉన్నాయి. పంపు ఎవరో పట్టుకెళ్ళారు. కర్రతో దండెం మీద బట్టలు ఆరేస్తాను. కింది రెండు వలయాలూ చెరిగిపోయాయి, నడుం దగ్గరిది మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది. ఆ అమ్మాయి ఫోటో చూసిన దగ్గర్నుంచీ లెక్క కడుతూనే ఉన్నాను. ఆ నాలుగడుగులూ వేసి రావడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు సిగ్గుపడినందుకు అన్నదమ్ముల పదేళ్ళు పోయాయి, ఆ పదేళ్ళలో నోరు విప్పడానికి నాకు రెండు నిమిషాలు దొరకలేదు.