వేడి బానెట్

పాత బండి కొనేవాళ్లు కొనేముందు తిరువూరు బస్టాండు వెనక మెకానిక్ శౌరయ్య షెడ్డుకి వచ్చేవారు. ఆయన బానెట్ మీద అరచెయ్యి వేసేవాడు. వెచ్చగా ఉంటే, "రేపు పొద్దున స్టార్ట్ చెయ్యకుండా ఉంచండి, నేనే వస్తా" అని పంపేసేవాడు. ఇంజను చల్లగా ఉంటేనే రోగం బయటపడుతుందని ఆయన నమ్మకం. ఇరవై ఏళ్లలో ఒక్కసారే ఆ పద్ధతి తప్పాడు.

2003 వేసవిలో వినగడప యోసేపు మాస్టారు బ్రోకర్ దేవానందం దగ్గర పాత బండి ఒకటి మాట్లాడుకున్నారు. కారంత చిన్నది, జీపంత ఎత్తు. ముందు చర్చికి తీసుకెళ్లి ప్రార్థన చేయించి, పూలదండతో షెడ్డుకి తెచ్చారు. శౌరయ్య చెయ్యి వేస్తే బానెట్ కాలిపోతోంది.

"ప్రార్థన అయిపోయిన బండండి. మళ్లీ రేపంటే బాగోదు" అంది మాస్టారి భార్య ప్రేమావతి.

శౌరయ్యదీ అదే చర్చి. కాదనలేకపోయాడు. కాలిపోతున్న రేడియేటర్ మూత తియ్యలేదు. ఇంజను శబ్దం విని, కింద దూరి చూసి, "పర్లేదు, తీసుకోండి" అన్నాడు.

పదో రోజు ఎ.కొండూరు దాటాక బండి పొగలు కక్కి ఆగిపోయింది. ట్రాక్టరుకి కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. శౌరయ్య మూత తీసి వేలు పెడితే పసుపు ముద్ద వచ్చింది. కారుతున్న రేడియేటర్‌లో పసుపు పోసి అమ్మారు. కొన్నాళ్లు చిల్లు పూడుతుంది, తర్వాత గొట్టాలే పూడిపోతాయి. ఒక మాస్టారిని ముంచడానికి వంటింటి డబ్బా చాలింది.

ఆ ముద్ద రేకు డబ్బాలో వేసుకుని శౌరయ్య టీకొట్టు దగ్గరికి నడిచాడు. అక్కడ దేవానందం ఒక గంపలగూడెం రైతుకి ఇంకో బండి చూపిస్తున్నాడు.

"నన్నంటావేంటి శౌరయ్యా? చూసింది నువ్వు, తీసుకోమంది నువ్వు. ఊరంతా అదే చెప్తున్నాగా" అని డబ్బా చూసి నవ్వాడు దేవానందం.

"అవును, నేనే అన్నా. ఇంజను దించి నా చేత్తో బాగు చేస్తా, మాస్టారు రూపాయి ఇవ్వక్కర్లేదు. నా తప్పు అక్కడికి సరి. ఇది నీది." డబ్బా రైతు ముందు పెట్టాడు. "కూరలోకి కాదు బాబాయ్. రేడియేటర్లో పోస్తాడు."

రైతు చూస్తున్న బండి బానెట్ మీద శౌరయ్య చెయ్యి వేశాడు. వేడి.

"తాళం ఇవాళ మీ దగ్గరే పెట్టుకోండి. పొద్దున్నే వస్తా."

రైతు తాళం జేబులో వేసుకున్నాడు. దేవానందం నవ్వు ఆగింది.

నెల తిరక్కుండా పాస్టరు గారే ఒక పాత కారు నడుపుకుంటూ షెడ్డుకి వచ్చారు. శౌరయ్య బానెట్ ముట్టుకున్నాడు.

"రేపండి అయ్యగారూ. ప్రార్థన ఎల్లుండి పెట్టుకోండి."