శుక్రవారం ఫోను

మా కాలేజీలో సివిక్స్ చెప్పే భారతీదేవికి పాఠం మధ్యలో ఫోను మోగితే ఒళ్ళు మండేది. పిల్లలదే కాదు, ప్రిన్సిపాల్ గారిది మోగినా ఊరుకునేది కాదు. అలాంటి మనిషి ఇప్పుడు జగ్గయ్యపేటలో బస్సెక్కిన దగ్గర్నుంచి నందిగామలో దిగేదాకా ఫోను గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటోంది. పక్క సీటు నాది. నేను తెలుగు లెక్చరర్ని, నోరు ఊరుకోదు. "అట్టా నలిపేస్తే మోగేది కూడా మోగదు" అన్నాను ఒకరోజు. నవ్వుతుందనుకున్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆమె తమ్ముడు చైతన్య సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు. జీతం బాగుంటుందని సరుకుల ఓడలో పనికి చేరాడు. ఆ ఓడను గల్ఫు దగ్గర ఒక దేశపు నౌకాదళం పట్టుకుంది. ఆ దేశానికి ఇంకెవరి మీదో కోపం, వాళ్ళ సరుకు ఈ ఓడలో ఉందట. ఓడ యజమాని వేరే దేశంవాడు. ఓడ మీద ఎగిరే జెండా మరో దేశానిది. అదొక చిన్న దీవి, చైతన్య దాన్ని మ్యాపులో కూడా చూసి ఉండడు. లోపల చాకిరీ చేసేవాళ్ళు మాత్రం మనవాళ్ళు. మన ప్రభుత్వం మాట్లాడుతోందన్నారు. ఎప్పుడు వదులుతారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఆ జెండావాళ్ళనే బతిమాలుకుంటే పోలా?" అంది ఆమె తల్లి సీతారావమ్మ గారు.

"వాళ్ళకి జెండా ఒక్కటే ఉందమ్మా. పట్టుకున్నోళ్ళకి తుపాకులున్నాయి" అంది భారతి.

పుస్తకంలో మాత్రం రాజ్యాలన్నీ సమానమే. ఎంత చిన్నదానికైనా సార్వభౌమాధికారం అంతే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ మాట బోర్డు మీద రాసిన మనిషి, ఈ ఏడు ఆ పాఠం వచ్చేసరికి పేజీలు తిప్పేసి ముందుకు పోయింది. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆ పుస్తకం మీద.

శుక్రవారం పూట మాత్రం ఓడలోవాళ్ళని ఇంటికి ఫోను చేసుకోనిచ్చేవారు. చైతన్య ఓడ సంగతి ఎత్తేవాడు కాదు. "అక్కాయ్, ఇవాళ పప్పులో ఏమేశారు?" అనేవాడు. గోంగూర అంటే "అబ్బా" అనేవాడు. దోసకాయ అంటే ఇంకా పెద్ద "అబ్బా". అంతలో టైము అయిపోయేది. ఆ కాస్త మాటతోనే ఇంట్లో వారమంతా గడిచేది.

ఈలోగా మా పేటలో బుల్లిబాబు అనే కుర్ర నాయకుడు రంగంలోకి దిగాడు. "సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తా మేడం, పైవాళ్ళ కంట్లో పడుద్ది" అన్నాడు. మా వైపు పుట్టినరోజుకీ ఫ్లెక్సీయే, చావుకీ ఫ్లెక్సీయే. కట్టకపోతే ఆ సంగతి జరగనట్టే లెక్క. భారతి తమ్ముడి ఫొటో తన చేత్తోనే ఇచ్చింది. తీరా కట్టాక చూస్తే పైన పెద్ద నాయకుడి మొహం, చుట్టూ చిన్న నాయకుల మొహాలు, మూలన స్టాంపంత చైతన్య. అడుగున ఓడను పట్టుకున్న దేశం పేరు రాసి, "ఖబడ్దార్! మా జోలికొస్తే మసైపోతారు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేయించాడు. జనం ఫొటోలు తీసి ఫేస్‌బుక్కులో పెట్టారు. లైకులకి లోటు లేదు.

ఆ శుక్రవారం ఫోను రాలేదు.

మర్నాడు విశాఖపట్నం నుంచి ఓడ కంపెనీ ఏజెంటు దేవరాజ్ చేశాడు. ఫ్లెక్సీ ఫొటో ఓడను పట్టుకున్నవాళ్ళదాకా వెళ్ళిందట. ఫోన్లు ఆపింది దానివల్లో కాదో తనకి తెలీదట, ముందు మాత్రం దాన్ని తీయించాలట.

"ఎందుకాపారో అడగమన్నా వసుమతి గారూ" అంది భారతి బస్సులో నాతో. "వాళ్ళు చెప్పాలని రూలేముందండీ అన్నాడు."

బుల్లిబాబుని అడిగితే తల గోక్కున్నాడు. "అన్న బొమ్మ ఉంది మేడం. దించానని తెలిస్తే నన్ను బతకనిస్తారా? వానొస్తే అదే చిరిగిపోద్ది, కాస్త ఆగండి." ఎండాకాలం నడినెత్తి మీద ఉంది. ఎక్కడి వాన?

సోమవారం పొద్దున భారతి బస్సెక్కలేదు. సెంటర్లో కొబ్బరిబోండాల అతని దగ్గర కత్తి తీసుకుంది, టీ కొట్టులో స్టూలు అడిగి తెచ్చి వేసుకుంది. పడుతుందేమోనని నేను స్టూలు పట్టుకున్నాను. ఆటోలవాళ్ళంతా చూస్తున్నారు. ఒక పక్క తాళ్ళు తెగేసరికి బుల్లిబాబు బండి మీద ఊడిపడ్డాడు.

"ఎవర్నడిగి కోస్తున్నారు మేడం?"

"మా తమ్ముణ్ణి నేను దించుకుంటున్నా. నువ్వెవర్నడిగి వాళ్ళని తిట్టావు?"

నిజం చెప్పొద్దూ, ఆ పెద్ద నాయకుడంటే నాకూ భయమే. బుల్లిబాబు అటూ ఇటూ చూశాడు, ఎవరన్నా వీడియో తీస్తున్నారేమోనని. అంతలో ఫ్లెక్సీ జారింది. "ఆగండాగండి, అన్న మొహం నేలకి తగలకూడదు" అంటూ పరుగున వచ్చి అతనే రెండో కొస పట్టుకున్నాడు. జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి శుక్రవారం స్టాఫ్ రూములో ఉండగా భారతి ఫోను మోగింది. కంగారులో స్పీకరు నొక్కింది.

"హలో సిస్టర్. ఐ యామ్ ఫైన్. ఫుడ్ ఈజ్ గుడ్. దే ట్రీట్ అస్ వెల్."

ఊహ తెలిసిన దగ్గర్నుంచి అక్కతో ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడని పిల్లాడు. ఎవరో పక్కనే నిలబడి ఉన్నారు, వాళ్ళకి తెలిసిన భాషలోనే మాట్లాడమన్నారు. అది నాకే తెలిసిపోతోంది, ఆమెకి తెలియదా?

"ఓకే" అంది భారతి. "మదర్ ఈజ్ ఫైన్. ఓకే." ఉన్నట్టుండి "దోసకాయరా" అంది.

అటువైపు నుంచి చాలా సన్నగా, "అబ్బా" అని వినిపించింది. వెంటనే ఫోను కట్టయింది. టైము అయిపోయిందో, చేతిలోంచి లాక్కున్నారో తెలియదు.

భారతి మొహం పాలిపోయింది. "తెలుగులో అనకుండా ఉండాల్సింది వసుమతి గారూ. ఆ ఒక్క మాటకి వాణ్ణేమన్నా చేస్తారంటారా? వచ్చే శుక్రవారం ఇవ్వరేమో?"

బెల్లు కొట్టారు. ఆమెకి క్లాసుంది. పుస్తకం బల్ల మీదే మర్చిపోయి, ఫోను పట్టుకుని వెళ్ళింది.