పెళ్లి దండకు అగ్నాస్త్రం

పెళ్లికొడుకు వెక్కి వెక్కి ఏడ్చిన పెళ్లి మీరెప్పుడైనా చూశారా? నా పెళ్లిలో నేనూ, పెళ్లికూతురూ, పంతులుగారూ, ఆఖరికి సన్నాయి ఊదే ఆయనా ఏడ్చారు. అందరినీ ఏడిపించిన ఘనుణ్ణి నేనే. ఎలాగో చెబుతాను, నవ్వనని మాటివ్వక్కర్లేదు.

కడియంలో మాకు చామంతి తోట ఉండేది. రామచంద్రపురం అమ్మాయి సత్యవతితో సంబంధం కుదిరింది. పెళ్లి దండలు మా తోట పూలతోనే కట్టించాలని పంతం పట్టాను. తీరా తోట విరగబూసే వేళకి పేనుబంక పట్టింది. మొగ్గల కింద ఆవాలు చల్లినట్టు నల్లటి పురుగులు!

"కొట్లో మందు తెచ్చి కొట్టరా," అన్నారు నాన్న.

"కాబోయే భార్య మెడలో విషం వెయ్యమంటారా?" అన్నాను. అప్పుడే రాజమండ్రిలో సేంద్రియ సాగు శిక్షణకి వెళ్లొచ్చాను మరి, ఒళ్లంతా జ్ఞానమే.

పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి, వేపాకు కలిపి గోమూత్రంలో ఉడికించాను. ఆ కషాయం పేరు అగ్నాస్త్రం. కనీసం పేరు విన్నాకైనా నాకు భయం వెయ్యాలా వద్దా? నీళ్లు బాగా కలపమని శిక్షణలో చెప్పారు. పెళ్లి పూలకి నీళ్ల మందేమిటని చిక్కగానే కొట్టాను. జారిపోకుండా కుంకుడు రసం కూడా చేర్చాను.

"రేపు కోత పెట్టుకుని ఇవాళ కొడతావేంట్రా?"

"సేంద్రియం నాన్నా, ఏం కాదు."

తెల్లారి తోటకెళ్లి నోరు తెరిచి నిలబడిపోయాను. ఒక్క పురుగు లేదు! మంచులో తడిసి, పసుపు ముద్దల్లాంటి పూలు తోటంతా వెలిగిపోతున్నాయి. నా గొప్పతనానికి నాకే దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

మర్నాడు పందిట్లో దండలు మార్చుకున్నాం. వీడియో లైట్ల వేడికి చెమటలు పట్టాయి. చెమట తగిలేసరికి పూలలో ఎండిపోయిన కారం నిద్ర లేచింది. సత్యవతి కళ్లు ముందు ఎర్రబడ్డాయి, ఆపైన ధారలు కట్టాయి. తాళి ఇంకా పళ్లెంలోనే ఉంది. ఆవిడ నాన్నగారు కంగారుగా వచ్చారు.

"ఏంటమ్మా ఇది? ఈ సంబంధం ఇష్టం లేదా? తాళి పడకముందే చెప్పు, ఆపేద్దాం."

నా ప్రాణం పోయినంత పనైంది. నిజం చెబుదామని నోరు తెరిస్తే దగ్గు తప్ప మాట రాలేదు. నా కళ్లూ వర్షించడం మొదలెట్టాయి.

"మీ అబ్బాయి కూడా ఏడుస్తున్నాడేంటండీ?" అని ఆయన మా నాన్నని నిలదీశారు. నాన్న దండ వాసన చూసి, నా వైపు ఒక్క చూపు చూశారు. పంతులుగారి మంత్రం ముక్కులోనే ఆగిపోయింది. పీట మీంచి లేచిపోతుందేమోనని నేను సత్యవతినే చూస్తున్నాను.

ఆవిడ లేవలేదు. దండా తియ్యలేదు. తలెత్తి, అంత మంటలోనూ తొణక్కుండా అంది:

"అబ్బాయి ఇష్టమే నాన్నా. దండే ఇష్టం లేదు. ఇందులో పచ్చిమిర్చి ఉంది."

పందిరంతా గొల్లున నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. ఇంత గుండె నిబ్బరమున్న మనిషి నాకు భార్య కాబోతోందా అని ఆశ్చర్యపోతూ, ముక్కు చీదుకుంటూ మూడు ముళ్లూ వేశాను.

అందుచేత పాఠకులారా, గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా పెళ్లి పూలకి కోత ముందు అగ్నాస్త్రం కొట్టను.

నా భుజం మీంచి చదివిన సత్యవతి, "ఇకమీదట కూడా పెళ్లి ఉందేంటండీ?" అంటోంది. చేతిలో పచ్చిమిర్చి నూరుతున్న పొత్రం ఉంది. ప్రమాణం మార్చుకుంటున్నాను: ఇక పూలూ వద్దు, పెళ్లీ వద్దు.